గాచారం అన్నడు, పొరపాటని రాసిన

నాకు ఒక్కకాడ కూసోని ఉండుడు చాతగాదు. కూసుంటె లేస్త, లేస్తె మల్ల కూసుంట. ఇది రాస్తుంటె గుడ మూడుసార్లు లేసి వాకిట్లకు పోయచ్చిన. వాకిట్ల ఏమున్నది, ఎండ తప్ప. చిన్నప్పటి సంది గింతేనా అంటె కాదు. కోరుట్లల మండలాఫీసు ముంగట రేకుల సాయమాను కింద పదహారేండ్లు ఒక్కటే కుర్చీల కూసోని దరఖాస్తులు రాసిన మనిషిని. కాళ్లు నిలువకపోవుడు ఒక్క కాయితంతోని షురువైంది. గా కాయితం సంగతే చెప్తున్న.

నా పనేందంటె, జనం వాళ్ల మాటల చెప్తరు, నేను సర్కారు మాటల రాస్త. ఒకామె అచ్చి పానం బాగుంటలేదు బిడ్డ, పింఛను ఆగింది అంటది. నేను 'అనారోగ్యంతో బాధపడుచున్నాను, కావున' అని రాస్త. ఇంకొకామె మా ఆయన మస్కట్ పోయి అజా పజా లేడు అంటది. నేను 'నా భర్త ఆచూకీ తెలియుట లేదు' అని రాస్త. వాళ్లన్నది అన్నట్టే రాస్తె లోపల కూసున్న బాబులు నవ్వుతరని నా భయం. నా దస్తూరి మంచిగుంటదని మెట్‌పల్లి నుంచి గుడ అచ్చేటోల్లు. దుబాయ్ పోయేటోల్ల ఫారాలు, పోయి రానోల్ల దరఖాస్తులు, పెట్టెల అచ్చినోల్ల దరఖాస్తులు, అన్నీ నా చేతులకెల్లే పోయినయి. నాకు మస్తు గర్వముండె. అబద్ధమెందుకు చెప్పాలె.

నాకు ఒక్కడే తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వానికి ఆరేండ్లు, నాకు పదిహేడు. నేనే సాదిన. మాది సాలోల్ల ఇల్లు, పెద్దగైనంక వాడు సిరిసిల్లకు పోయి సాంచల మీద పనికి కుదిరిండు. సాంచ అంటె మరమగ్గం. మా దిక్కు మరమగ్గమని ఎవలంటరు, పేపరోల్లు తప్ప. ఒక్క మనిషి నాలుగు సాంచలు చూసుకోవాలె, పన్నెండు గంటలు నిలవడాలె, దారం ఏడ తెగితె ఆడికి ఉరుకాలె. కూసోని చేసే పని గాదది. సాంచలు బందైనప్పుడు భీవండి పోయిండు. ఆడ గుడ పని పడిపోయేసరికి మస్కట్ పోయి రెండేండ్లు ఇటుకలు మోసిండు. తిరిగచ్చి మల్ల సాంచల కాడికే పోయిండు. గా సప్పుడు లేకపోతె చెవులల్ల ఏదో తక్కువైనట్టు ఉంటదక్కా అనేటోడు.

మస్కట్ పోయచ్చినోడంటె పిలగాండ్లకు దేవుని లెక్క. వీర్నపల్లి దిక్కు ముగ్గురు పిలగాండ్లు వెంటపడి పీక్కతింటె, తనను పంపిన ఏజెంటు కాడికి వాళ్ల పాసుపోర్టులు తీస్కపోయి చేతుల పెట్టిండు. దాంట్ల ఆశించింది ఏం లేదు, చాయ తాగించిన్రు గావచ్చు. ఏజెంటు గా పాసుపోర్టులతోని ఫరారైండు. పోలీసులు ఎవలికిచ్చిన్రు అని అడిగితె పిలగాండ్లు ఉన్నమాటే చెప్పిన్రు, నా తమ్మునికని. దొరికినోడే దొంగాయె. రిమాండు చేసిన్రు. తర్వాత ఏజెంటు దొరికిండు, మావోని మీద కేసు కొట్టేసిన్రు. కని గదంతా బెయిలు మీద బయటికచ్చినంక, అప్పటికే చాన దినాలు లోపల ఉన్నడు. ఏ ఊరి జైలో రాయ. అడుగకుండ్రి.

లోపలేసి నెలకు దగ్గెర పడుతుంటె ఒక దినం ములాఖత్‌కు పోయిన. ఇనుప జాలికి అవుతల వాళ్లుంటరు, ఇవుతల మనముంటం. తమ్ముడు నడుసుకుంట రాలే. ఇద్దరు మనుషులు చెరొక రెక్క పట్టి తెచ్చి కుర్చీల కూసోబెట్టిన్రు. మొఖం సున్నమేసినట్టు తెల్లగున్నది. కుడికాలు పాదం బయటికి తిరిగున్నది. పడి రెండు దినాలైందట. నొప్పికి మందు రాసి, గోలీలిచ్చి పండబెట్టిన్రట. అసలే జైలుపాలైనోడు, గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఎట్ల పడ్డవ్ తమ్మి అని అడిగిన. వాడు జాలికి దగ్గెర జరుగబోయిండు, చాతగాలే.

"తానం చేసేకాడక్కా. మీదున్న ట్యాంకి ఎప్పటిసందో కారుతంది. బండంతా పాకురు పట్టింది. అందరం చెప్పినం, రాసుకున్నరు గుడ. ఆ దినం నా గాచారం, కాలు జారింది."

గాచారం అనే మాట మా దిక్కు ఏ ఆపదచ్చినా ముందుగాల నోట్లకెల్లి అచ్చే మాట. వాన పడకపోతె గాచారం, ఏజెంటు ముంచితె గాచారం, మంచిగున్న బర్రె సచ్చిపోతె గాచారం. తప్పు నాదని కాదు దాని అర్థం. నా మీదికచ్చింది, నేను మోస్తున్న, ఇంకొకల్లను ఎందుకనాలె, గంతే. వింటున్నోల్లకు గుడ గదే అర్థమైతది.

జైలు ఆఫీసుల కాయితాలు చూసే పెద్దమనిషి కాడికి ఉరికిన. కోపం నాకు ముక్కు మీదుంటది, మనిషి రెండు దినాల సంది గిట్లుంటె మీరు మనుషులేనా అని గట్టిగనే అడిగిన. ఆయన చెడ్డోడు గాదు, భయస్తుడు. తలుపు దగ్గెరకేసి మెల్లగ చెప్పిండు. దవాఖానకు తోలాలంటె వెంట పోలీసులు కావాలె, పై ఆఫీసుకు రాయాలె. ఎవల మీద ఫిర్యాదు లేదు, తనంతల తనే పడ్డడు అని మనిషితోని ఒక కాయితం ఇప్పిస్తె ఇయ్యాల్నే తోలుత, లేకపోతె విచారణ అంటరు, నాలుగు దినాలైతది అన్నడు. కాయితం రాసే బాబు సెలవుల ఉన్నడట. నేను నోరూకుంటినా, ఊకోలే. నేనే రాస్త సార్, నా పనే గది అన్న. అవుతల తమ్ముడు నొప్పికి పండ్లు కొరుకుతున్నడు, నేను తెల్లకాయితం తీసి మార్జిను మడుస్తున్న.

'స్నానము చేయుచుండగా' అని షురూ చేసిన. ట్యాంకి సంగతి ఇడిచిపెట్టిన. గది రాస్తె తోలరని భయమైంది. గాచారం కాడికచ్చేసరికి కలం ఆగింది. గాచారమని సర్కారు కాయితంల ఎట్ల రాయాలె? గ్రహచారమంటె పంచాంగం లెక్కుంటది, నవ్వుతరు. ఒక్క నిమిషం సోంచాయించి, 'నా స్వంత పొరపాటు వలన కాలు జారి పడితిని. ఇందులో ఎవరి తప్పును లేదు' అని రాసిన. మల్లోసారి చదువుకుంటె మంచిగనిపించింది. గదీ నా బుద్ధి. తమ్ముడు చదువలే. నువ్వు రాసినంక నేను చదివేదేందక్కా అని సంతకం పెట్టిండు. పొద్దుగూకకముందే దవాఖానకు తోలిన్రు. నేను గెలిచిన అనుకోని బస్సెక్కిన.

తుంటి బొక్క ఇరిగిందన్నడు డాక్టరు. పడ్డనాడే తెస్తె వేరే ఉండె అన్నడు. రాడ్ ఏసిన్రు. బెయిలు మీద ఇంటికచ్చేసరికి కుడికాలు రెండు వేళ్ల మందం పొట్టిగైంది. నాలుగు నెలలు ఆగి, కట్టె పట్టించి సిరిసిల్లకు తీస్కపోయిన. సేఠు మంచోడే, కాదనలే, నిలవడి చూపియ్యి అన్నడు. తమ్ముడు కట్టె గోడకు పెట్టి సాంచల నడుమ నిలవడ్డడు. పావుగంటకు అంగి తడిసిపోయింది. గంతల ఒక దారం తెగింది. అలవాటు ఏడ పోతది, ఉరుకబోయిండు. నడుస్తున్న సాంచ మీద పడబోతె సేఠే నడుము పట్టి గుంజిండు. ఇగ నువ్వు రాకు బిడ్డా అని ఏడిసినంత పని చేసిండు ఆయన.

కోరుట్లల నా ఇంట్లనే ఉంచుకున్న. హైదరాబాదు పెద్ద డాక్టరుకు చూపిస్తె, తుంటికి కొత్త గిన్నె ఏస్తె మల్ల నిలవడి పని చేసుకోవచ్చు, చాన ఆలస్యం చెయ్యద్దు అన్నడు. నేను సాయమాను కింద ఎన్ని దరఖాస్తులు రాస్తె అయితది గా ఆపరేషన్? నష్టపరిహారం దావా ఒక్కటే తొవ్వ అని ఎవలో చెప్తె జగిత్యాలల ఒక వకీలమ్మను పట్టుకున్న. చిన్న వయసు, గట్టి మాట. నాకే నమ్మకం లేకుండె. మా వాడకట్టు తాళ్లెక్కి కల్లు గీసే పెద్దాయన గుడ అననే అన్నడు, మేం చెట్టు మీదికెల్లి పడితె సర్కారు ఎంతోకొంత ఇస్తది పిల్లా, నేల మీద పడ్డోనికి ఎవడిస్తడని. గదే మాట వకీలమ్మతోని అన్న, జారి పడ్డదానికి జైలుతోని కొట్లాటేంది మేడం, నవ్వరా అని.

ఆమె నవ్వలే. "బజార్ల పోయేటోడు బురద కనిపిస్తె పక్కకెల్లి పోతడక్కా. లోపలోనికి పక్క ఏడున్నది? వాళ్లు చూపించిన బండ మీదనే తానం చెయ్యాలె. తొవ్వ వాళ్లదైనప్పుడు జిమ్మేదారి గుడ వాళ్లదే. ట్యాంకి కారుతందని ఎరుకుండి బాగు చెయ్యలేదు చూడు, గదే నిర్లక్ష్యం."

నిర్లక్ష్యమనే మాట నేను ఎన్ని వందలసార్లు రాసిన్నో. గా దినమే దాని అర్థం తెలిసింది.

ఇగ అన్నీ మంచిగనే కుదురుకుంట అచ్చినయి. తమ్మునితోని ఒక్క బ్యారక్‌ల ఉన్న రుద్రంగి రైతు ఒకాయన సాక్ష్యం చెప్తనన్నడు. ఖైదీల ఫిర్యాదులు రాసే రిజిస్టరు నకలు గుడ దొరికింది, ట్యాంకి మాట దాంట్ల రెండుసార్లు ఉన్నది. వకీలమ్మ కేసు బలంగున్నదన్నది. నేను మనసుల తమ్మున్ని సాంచల నడుమ నిలవెట్టుకున్న. తర్వాత సర్కారు వకీలు కాడికెల్లి జవాబచ్చింది, దానెంబడి ఒక కాయితం నకలు అచ్చింది. వకీలమ్మ చదివి, ఎవలు రాసిన్రక్కా ఇది, గింత పకడ్బందీగా అని అడిగింది. నా దస్తూరి నాకు తెలువదా. నేనే అన్న. ఆమె కండ్లద్దాలు తీసి తుడుసుకుంట కూసున్నది. తిట్టినా బాగుండు.

గా దినం సంది నా కాళ్లు నిలుస్తలేవు. సాయమాను కింద ఎవలన్న అచ్చి పానం బాగలేదని రాయమ్మా అంటె, బాగలేదంటె ఏమైతంది, నొప్పా మంటనా, ఎప్పటిసంది, నువ్వన్న మాట ఇదేనా, చదివి చెప్పాల్నా అని గుచ్చి గుచ్చి అడుగుడు మొదలువెట్టిన. జనం బేజారైన్రు. రాస్తె రాయి, సతాయించకు అని లేసి పక్కాయన కాడికి పోయిన్రు. ఇంట్ల గుడ గంతే, వంటింట్లకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి వంటింట్లకు. తమ్ముడు గోడకు ఒరిగి పక్కింటోల్లకు కండెలు చుట్టేటోడు. జెర కూసోరాదక్కా, నా వంతు గుడ నువ్వే నడుస్తున్నవ్ అని నవ్వేటోడు. వాడు నవ్వితె నాకు మండేది. తిట్టేదాన్ని. తిట్టి పొయ్యి కాడికి పోయి ఏడ్సేదాన్ని. నా మీద ఒక్కసారి కోపం చేసినా అయిపోవు. చెయ్యలే. నీకేం తెలుసక్కా, నా గాచారం అనేటోడు, మల్ల గదే మాట.

కోరుట్ల నుంచి జగిత్యాలకు ఎన్ని పేషీలు తిరిగినమో. బస్సు మెట్టు మీద ఎడమకాలు పెట్టిచ్చి, నడుము కింద భుజం పెట్టి లేపాలె. ఎట్లెట్లనో సాక్ష్యాలదాకా అచ్చింది. ముందుగాల తమ్మున్ని పిలిచిన్రు. మా వకీలమ్మ ఎట్ల పడ్డరు అంటె జారిన సార్ అన్నడు. బండ ఎట్లుండె అంటె ఉండె సార్ అన్నడు. ట్యాంకి సంగతి అంటె కారేది సార్ అన్నడు. ఇంట్ల ఎంత నేర్పిచ్చినా కోర్టుల గొంతు రాలే. సర్కారు వకీలు ముసలాయన, నిమ్మళంగ లేసి సంతకం మీదేనా అన్నడు. నాదే సార్ అన్నడు. చదువొచ్చునా అన్నడు. అచ్చు సార్ అన్నడు. గంతే అడిగి కూసున్నడు.

తర్వాత నన్ను పిలిచిన్రు. నేను బోనెక్కి ఉన్నదంతా చెప్పిన. మావోడు పొరపాటు అనలే సార్, గాచారం అన్నడు, గది కాయితం మీద మంచిగుండదని నేను పొరపాటని మార్చిన, ట్యాంకి సంగతి చెప్పిండు, నేనే ఇడిచిపెట్టిన అని చెప్పిన. జడ్జి సారు మా దిక్కు మనిషి గాదు. గాచారమంటె ఏందమ్మా అని అడిగిండు. నాకు చేతనైనట్టు చెప్పిన, వాన సంగతి, బర్రె సంగతి. ఆయన కలం ఆపి విన్నడు, విని రాసుకున్నడు. నాకు ఆశ పుట్టింది. గన్ని నెలల తర్వాత మొదటిసారి కాళ్లు ఒక్కకాడ నిలవడ్డయి.

సర్కారు వకీలు లేసి, అంటే ఖైదీ చెప్పింది దాచి, చెప్పనిది రాసి, సంతకం పెట్టించి సర్కారుకు ఇచ్చారు, అవునా అన్నడు. అవును అన్న. తెలిసే చేశారా అన్నడు. తెలిసే అన్న. దీనికి మీ మీద కేసు పెడితే జైలుకు పోతారు, తెలుసా అన్నడు. నాకు నెత్తికెక్కింది. పోత సార్, తోలుండ్రి, నేను రాసింది తప్పని మాత్రం రాసుకోండ్రి అన్న. కోర్టుల నలుగురు నవ్విన్రు. వకీలమ్మ నుదురు పట్టుకున్నది. తమ్ముడు మాత్రం కట్టె పట్టుకోని సగం లేసి నా దిక్కే చూస్తున్నడు.

జడ్జి సారు వాన్ని చూసిండు. మల్ల ముందటికి పిలిచి, కష్టమైతె కూసోనే చెప్పమన్నడు. ఖైదీలెక్క గాదు, ఇంట్ల మనిషిని అడిగినట్టు అడిగిండు, మీ అక్క చెప్పేది నిజమేనా, పొరపాటు అన్న మాట మీరు అనలేదా అని. గంతకంటె సులువు సవాలు ఎవలికి దొరుకుతది? అనలే సార్ అంటె అయిపాయె. రెండు మాటలు. నేను కండ్లతోని చెప్తున్న, అను, అను అని.

"అన్న సార్. నా పొరపాటే అని నేనే అన్న. అక్క నేను చెప్పిందే రాసింది. నా మీద ప్రేమతోని, పావురంతోని ఇప్పుడు గిట్లంటుంది. ఆమెనేం అనకుండ్రి."

ఒక్కసారి గుడ తడబడలే.

తీర్పు రెండు నెలలకు అచ్చింది. ట్యాంకి కారిన మాట నిజమే గావచ్చు, కని మనిషే తన పొరపాటని కాయితం మీద ఒకసారి, కోర్టుల ఒకసారి ఒప్పుకున్నడు, ఇగ జైలు మీద తప్పు ఎట్ల పెట్టాలె అని దావా కొట్టేసిన్రు. పైకోర్టుకు పోదామంటె తమ్ముడు ససేమిరా అన్నడు. తుంటికి కొత్త గిన్నె పడలే, సిరిసిల్ల మొఖం వాడు మల్ల చూడలే. కని మేం ఓడిపోయింది తీర్పునాడు గాదు. వాడు గా మాట అన్ననాడే, బయటికి రాంగనే నాకు తెలుసు.

గా దినం జగిత్యాల బస్టాండుదాకా వాని రెక్క పట్టి నడిపిచ్చుకుంట అచ్చిన. బెంచి మీద కూసోబెట్టినంక ఆగలేకపోయిన. జనముంటె ఉండనీ అని ఎగిరెగిరి తిట్టిన. ఎందుకు చెప్పినవ్ రా అబద్ధం, నీ కాలు నువ్వే తీసుకున్నవ్ గదరా, ఎవలడిగిన్రు నిన్ను అని నోటికచ్చినట్టన్న. నా కోపం అయిపోయినంక వాడన్నడు.

"నిన్ను లోపలేస్తనన్నడు గదక్కా. నీకు చాతగాదు గా బండ మీద. ట్యాంకికెల్లి నీళ్లు పొద్దంత కారుతనే ఉంటయి, ఏడ అడుగు పెట్టినా పాకురే. చూసి నడుద్దామన్నా చూసే జాగ లేదు. పట్టుకుందామంటె గోడకు ఒక్క కడ్డీ లేదు. ఎన్నిసార్లు చెప్పినా సున్నం గుడ చల్లరు. వేరేకాడ చేస్తమంటె చెయ్యనియ్యరు. నువ్వు పడితె నిన్నెవలు లేపుతరు ఆడ?"

ఆడోల్ల జైలు వేరే ఉంటది రా పిచ్చోడా అని చెప్పబోయిన. ఏడాదిన్నర సంది వకీలమ్మ వాని నోట్లకెల్లి చెప్పియ్యాలని చూసిన మాటలు గవే, ఒక్కటి తక్కువ గాకుంట. కోర్టుల ఎంత అడిగినా రాలే. బస్టాండుల నాకొక్కదానికి చెప్పిండు.